పెద్ద పండక్కి ఇంటిపని: ముందు అరిసెల రోజు ఖాయం చేసుకోండి

సంక్రాంతి పనులంటే చాలామంది బూజులు దులపడంతో మొదలుపెడతారు. దానికంటే ముందు క్యాలెండర్ తీసి అరిసెలు వండే రోజు మీద ఒక గుర్తు పెట్టండి. మిగతా పనులేవైనా ఒక పూట అటూ ఇటూ జరుపుకోవచ్చు గానీ అరిసెలు జరగవు. బియ్యం నానాలి, పిండి మర దగ్గర వంతు రావాలి, పాకంలో పిండి కలిపేటప్పుడు రెండో మనిషి పక్కన ఉండాలి. ఈ మూడూ ఒకే పూట కుదిరే రోజు ఇంట్లో ఉండే ఇల్లాలికి ఆదివారమే.

భోగి జనవరి 13న గానీ 14న గానీ వస్తుంది. భోగికి కనీసం రెండు రోజుల ముందు వచ్చే ఆదివారం చూసుకోండి. భోగి సోమవారం పడితే అంతకు ముందు వారం ఆదివారం పెట్టుకోవాలి. అరిసెలు రెండు మూడు వారాలు నిలవుంటాయి కాబట్టి తొందరపడి వండామన్న బెంగ అక్కర్లేదు. ఆ రోజు ఖాయమైతే మిగతావి వాటంతట అవే సర్దుకుంటాయి. సున్నుండలు అన్నిటికంటే ముందు, జంతికలు పిల్లలకి సెలవులు ఇవ్వకముందు, దులపడాలు డిసెంబరు ఆఖరి వారంలో. ఈ మధ్య ఏళ్లలో బడులకి జనవరి 10 ప్రాంతంలో సెలవులు మొదలవుతున్నాయి. క్యారేజీలు కట్టి పిల్లల్ని బడికి పంపాక, వాళ్లు తిరిగొచ్చేలోపు దొరికే నాలుగైదు గంటలే మూకుడు పెట్టుకోవడానికి అసలైన సమయం. కాగుతున్న నూనె దగ్గర చిన్నపిల్లలు తిరగకూడదు. రోజుకి ఒక్క పెద్ద పనే పెట్టుకోండి. దులిపిన రోజున జంతికలు కూడా వండేద్దామనుకుంటే రెండూ సగం సగమే అవుతాయి. గ్యాస్ సిలిండరు డిసెంబరు ఆఖరుకే బుక్ చేసేయండి. పిండివంటలకి మామూలు నెల కంటే చాలా ఎక్కువ ఖర్చవుతుంది, సగం పాకంలో మంట ఆగిందంటే ఆ పాకం మళ్లీ కుదరడం కష్టం.

దులపడంలో విశాఖకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. లాసన్స్ బే కాలనీ, పెద వాల్తేరు, పాండురంగాపురం లాంటి సముద్రం దగ్గరి వీధుల్లో కిటికీ ఊచల మీదా ఫ్యాను రెక్కల మీదా ఉండేది ఒట్టి దుమ్ము కాదు, ఉప్పుతేమ పట్టిన దుమ్ము. పొడిగుడ్డతో తుడిస్తే జిడ్డులా పులుముకుపోతుంది. ముందు పొడి చీపురుతో బూజు తీసి, తర్వాత మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. ఉప్పు నీళ్లలో కరిగి వచ్చేస్తుంది. గుడ్డను రెండు మూడు కిటికీలకోసారి కొత్త నీళ్లలో జాడించకపోతే ఆ ఉప్పునే మళ్లీ పూస్తున్నట్టు. ఇనుప ఊచలు ఆరాక కుట్టుమిషను నూనె చుక్కలు వేసిన గుడ్డతో ఒకసారి తుడిస్తే తుప్పు తగ్గుతుంది. ఇత్తడి, రాగి పూజ సామాను మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు. చింతపండు, ఉప్పు వేసి ఎంత మెరిసేలా తోమినా ఈ గాలికి నాలుగైదు రోజుల్లోనే నల్లబడుతుంది. భోగి ముందు రోజు సాయంత్రం తోమి, తడి లేకుండా వెంటనే తుడిచి గుడ్డలో చుట్టి పెట్టండి.

సరుకులు రెండు విడతలుగా తెచ్చుకుంటే మేలు. పాడవని సరుకులు, అంటే బెల్లం, నువ్వులు, మినుములు, నెయ్యి, నూనె, యాలకులు, జనవరి మొదటి వారంలోనే పూర్ణా మార్కెట్‌లో కొనేయండి. పొద్దున తొమ్మిదిలోపు వెళ్లినవాళ్లకి బండి పెట్టుకునే చోటూ, బేరమాడే తీరికా రెండూ దొరుకుతాయి. కూరగాయలు, కొబ్బరికాయలు, చెరకు, రేగుపళ్లు, బంతిపూలు భోగికి ముందు రోజు చాలు. ఎంవీపీ, సీతమ్మధార, కంచరపాలెం రైతుబజార్లలో ఏది దగ్గరైతే అక్కడికి వెళ్లండి, ధరల బోర్డు చూసుకుని కొనండి. బెల్లం దగ్గర కక్కుర్తి పడొద్దు. పక్కనే అనకాపల్లి ఉన్న ఊరు మనది, మంచి బెల్లం దొరక్క కాదు. మరీ తెల్లగా, పసుపుపచ్చగా మెరిసే దిమ్మ వదిలేసి, ముదురు రంగులో గట్టిగా ఉండి, విరిస్తే లోపల తడి కనపడనిది తీసుకోండి. నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా తగలకూడదు.

సున్నుండలకి నీటి పని లేదు కాబట్టి ఇవి అన్నిటికంటే ముందు. కిలో పొట్టు మినుములకి గుప్పెడు బియ్యం కలిపి సన్నని సెగ మీద ఓపిగ్గా వేయించాలి. బియ్యం లేకపోతే ఉండ నోట్లో అంగిలికి అంటుకుంటుంది. పైన మాడి లోపల పచ్చిగా ఉండకూడదు. ఒక గింజ కొరికి చూస్తే లోపల లేత గోధుమరంగు రావాలి. పూర్తిగా చల్లారాకే మర పట్టించండి. 750 గ్రాముల బెల్లం తురుము కలిపి, 350 నుంచి 400 గ్రాముల నెయ్యి గోరువెచ్చగా పోస్తూ ఉండలు చుట్టాలి. పొగలు కక్కే నెయ్యి పోస్తే బెల్లం కరిగి ఉండలు కూలబడతాయి.

జంతికలకి కిలో బియ్యప్పిండి, పావుకిలో వేయించిన శనగపప్పు పొడి, 100 గ్రాముల వెన్న, టీచెంచాతో నాలుగు చెంచాల ఉప్పు, రెండు చెంచాల వాము, గుప్పెడు నువ్వులు, కారం మీ ఇష్టం. ముందు వెన్న పిండికంతా పట్టేలా రుద్దండి. పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలిచి, వేలితో తాకితే విరగాలి. వెన్న తగ్గితే జంతిక పంటికి గట్టిగా తగులుతుంది, ఎక్కువైతే నూనెలో పొడుంపొడుమైపోతుంది. పిండి మొత్తం ఒకేసారి తడపొద్దు. రెండు మూడు గొట్టాలకి సరిపడా తడుపుతూ వెళ్లండి. తడిపి ఉంచేసిన పిండి పులిసి ఎర్రగా వేగుతుంది, నూనె కూడా ఎక్కువ పీలుస్తుంది. నూనెలో బుడగలు అణిగాయంటే తీసేయొచ్చు.

ఇక అరిసెలు. కిలో బియ్యానికి ముప్పావుకిలో బెల్లం, 50 గ్రాముల నెయ్యి, 50 గ్రాముల నువ్వులు, పది యాలకులు. మధ్యరకంగా ఒత్తితే సుమారు 40 అవుతాయి. రేషన్ బియ్యమైనా ఫరవాలేదు, కొత్త బియ్యమైతే ఇంకా మంచిది. పాత సన్నబియ్యం మాత్రం వద్దు, అరిసె బిరుసెక్కుతుంది. శుక్రవారం రాత్రి నానబోసి, ఎనిమిది తొమ్మిది గంటలకోసారి నీళ్లు మార్చండి. మార్చకపోతే వచ్చే పులిసిన వాసన ఎంత నెయ్యి పోసినా పోదు. ఆదివారం పొద్దున్నే చిల్లుల గిన్నెలో వడకట్టి, పాత పంచె మీద నీడలో పావుగంట మాత్రమే ఆరనివ్వండి. గుప్పెట్లో పట్టి వదిలితే చేతికి గింజలు అంటుకోవాలి గానీ నీళ్లు కారకూడదు.

మర దగ్గర రెండు జాగ్రత్తలు. తడి బియ్యం ఆడతారో లేదో ముందు రోజే అడిగి పెట్టుకోండి, కొన్ని మరల వాళ్లు ఒప్పుకోరు. మీ ముందు ఏం ఆడారో కూడా అడగండి. కారమో పసుపో అయితే మీ బియ్యంలోంచి ఒక గుప్పెడు ముందు మరలో పోయించి, ఆ పిండి పక్కన పెట్టేయాలి. మూత ఉన్న డబ్బా తీసుకెళ్లి, పిండి పడగానే అరచేత్తో అణిచి మూత పెట్టండి. తడి ఆరిపోతే పిండికీ బెల్లానికీ లెక్క తప్పుతుంది. ఇంటికొచ్చాక సన్న జల్లెడ పట్టి రవ్వ తీసేయండి. రవ్వ మిగిలితే అరిసె అంచులు పగులుతాయి.

బెల్లం చితక్కొట్టి గ్లాసు నీళ్లతో కరిగించి వడకట్టండి. చెరకు పీచూ ఇసుకా అడుగున ఎంత మిగులుతాయో చూస్తే ఈ పని ఎప్పుడూ మానరు. మళ్లీ మందపాటి గిన్నెలో పోసి మధ్యస్థంగా మరిగించండి. పక్కన పళ్లెంలో చల్లటి నీళ్లు పెట్టుకోండి. మొదట్లో పాకం చుక్క నీళ్లలో పడగానే కరిగిపోతుంది. కాసేపటికి కరగకుండా అడుగున సాగుతూ పరుచుకుంటుంది. ఇక్కణ్ణుంచి సెగ తగ్గించి, పళ్లెం మీద నుంచి చూపు తిప్పకండి. చుక్కని రెండు వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండ కట్టి, నొక్కితే అణగాలి. అరిసెలకి కావలసిన పాకం ఇదే. ఇంకొంచెం ఆగితే ఉండ గట్టిపడి పళ్లెంలో వేస్తే టంగుమంటుంది. అది వేరుశనగ అచ్చులకి పనికొస్తుంది గానీ అరిసెలకి కాదు. ఈ రెండింటికీ మధ్య ఒకటి రెండు నిమిషాలే తేడా. ఫోను మోగినా ఎత్తొద్దు.

పొయ్యి కట్టేసి నెయ్యి, నువ్వులు, యాలకుల పొడి వేసి, ఒకరు పిండి జల్లుతుంటే ఒకరు గట్టి తెడ్డుతో ఆపకుండా కలపాలి. ఒక్కరే రెండూ చేస్తే ఉండలు కట్టేస్తుంది. చలిమిడి కాస్త జారుగా ఉన్నప్పుడే పిండి వేయడం ఆపేయండి. చల్లారేసరికి అది ఇంకా బిగుస్తుంది. పిండంతా అయిపోవాలని లేదు, గుప్పెడు మిగిల్చి ఉంచండి, అవసరం పడొచ్చు. పైన నెయ్యి రాసి మూత పెట్టి గంటసేపు వదిలేయండి.

నూనె మధ్యస్థంగా కాగాక ముందు ఒకే ఒక్క అరిసె వేసి చూడండి. నూనెలో విచ్చిపోతే పాకం లేతదన్నమాట. మిగిల్చిన పిండి కలిపి మర్దించి, అరగంట ఆగి మళ్లీ వేయండి. ఒత్తుతుంటేనే పగుళ్లు వచ్చి పొడిపొడిగా ఉంటే పాకం ముదిరింది. గోరువెచ్చని పాలు చెంచాడు చెంచాడుగా చిలకరించి మర్దిస్తే చాలావరకు దారికొస్తుంది, కానీ అలాంటి అరిసెలు నిలవుండవు, నాలుగు రోజుల్లో తినేయాలి. అరిటాకు మీద నెయ్యి రాసి ఒత్తండి. నూనెలో మునిగి పైకి తేలాక గరిటెతో పైన నూనె పోస్తూ ఒకసారే తిరగేయండి. ఎర్రబడగానే తీసి, వేడిమీదే అరిసెల చెక్కల మధ్య నొక్కి నూనె పిండేయాలి. చల్లారితే ఎంత నొక్కినా నూనె దిగదు. తీసినవి ఒక్కొక్కటీ విడిగా పరవండి. వేడిగా దొంతర పెడితే ఒకదానికొకటి అంటుకుని, తీసేటప్పుడు విరుగుతాయి. చలిమిడి కొద్దిగా మిగిల్చి నిమ్మకాయంత ఉండలు చేసి వేయిస్తే పాకుండలు, పిల్లలు ముందు వాటికే చెయ్యి పెడతారు.

ఏ పిండివంటా వెచ్చగా ఉండగా డబ్బాలోకి ఎక్కించొద్దు. మూత లోపల ఆవిరి పట్టి జంతికలు మెత్తబడతాయి, అరిసెలకి బూజు వస్తుంది. జనవరిలో గాలి కాస్త పొడిగానే ఉంటుంది గానీ సముద్రం పక్క ఊరిలో తేమ పూర్తిగా పోదు. ఒక పెద్ద డబ్బాకి బదులు మూడు నాలుగు చిన్న స్టీలు డబ్బాలు పెట్టి, రోజూ తీసేది ఒక్కటే ఉంచండి. తీపీ కారం ఒకే డబ్బాలో వద్దు.

భోగి నాటికి పెద్ద వంటలన్నీ అయిపోయి ఉండాలి. మంటకి పిడకల దండలు ఇంట్లో చేసుకునే వీలు లేకపోతే బజార్లో కొనుక్కోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో అయితే బళ్లకీ, ట్రాన్స్‌ఫార్మరుకీ, తీగలకీ దూరంగా ఖాళీ చోటు ముందు రోజే చూసి, బకెట్ ఇసుక, బకెట్ నీళ్లు పక్కన పెట్టించండి. ప్లాస్టిక్కు, టైర్లు, రంగులేసిన చెక్క మంటలో వేయనివ్వొద్దు.

సాయంత్రం భోగిపళ్లకి చిన్న రేగుపళ్లు, బంతిపూల రేకులు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర, అక్షింతలు కలపాలి. చెరకు ముక్కలు గోరంత ఉంటే చాలు, పెద్దవైతే నెత్తికి తగులుతాయి. ఏడాదిలోపు పిల్లలకి రేకులూ అక్షింతలూ ఎక్కువ, పళ్లు నాలుగైదే వేయండి. బిడ్డ కింద పాత దుప్పటి పరిస్తే అయిపోగానే నాలుగు మూలలూ పట్టి ఎత్తేయొచ్చు. నాణెమో రేగుగింజో నేల మీద మిగిలిందంటే పాకే పిల్ల నోట్లో పెట్టుకుంటుంది, చీపురుతో ఒకసారి ఊడ్చి చూడండి.

పెద్ద పండగ నాడు చనిపోయిన పెద్దలకి కొత్త బట్టలు పెట్టి, వండినవి ముందు వాళ్లకి వడ్డించాకే ఇంటిల్లిపాదీ తినేది. అందుకని ఆ పూట వంట పదకొండు గంటలకే అవ్వాలి. పులిహోరకి చింతపండు పులుసూ, బూరెలకి పూర్ణమూ ముందు రోజు రాత్రే చేసి పెట్టుకుంటే పొద్దున మిగిలేవి అన్నం, పరమాన్నం, గుమ్మడికాయ పులుసు, వేపుళ్లే. ఏ బట్ట ఎవరి పేరనో అత్తగారిని అడిగి చీటీ రాసి పెట్టుకోండి, ఆ రోజు హడావుడిలో గుర్తుండదు. కనుమకి గారెల మినప్పప్పు నాలుగు గంటలకి మించి నాననివ్వొద్దు, రుబ్బేటప్పుడు నీళ్లు చిలకరించాలే గానీ పోయకూడదు. పిండి పలచనైతే గారె నూనె తాగేస్తుంది.

కనుమ నాడు ప్రయాణాలు పెట్టుకోరు కాబట్టి ఆడపడుచులూ మరిది వాళ్లూ మర్నాడే బయల్దేరతారు. వాళ్లకి కట్టిచ్చే పిండివంటలు కనుమ మధ్యాహ్నమే విడిగా తీసి పెట్టండి. అరిసెల మధ్య బటర్ పేపరు వేసి గట్టి డబ్బాలో, జంతికలు పై సంచిలో. వేపుళ్లు చేసిన నూనె చల్లారాక వడకట్టి, రెండు మూడు రోజుల్లో తాలింపులకి వాడేయండి. నల్లబడి జిగట పట్టినదాన్ని సింకులో పోస్తే గొట్టంలో పేరుకుంటుంది. పాత సీసాలో పోసి మూత బిగించి చెత్త బండికి ఇచ్చేయండి.