డాగ్‌ఫైట్‌లో స్పృహ తప్పకుండా జి భారం తట్టుకోవడం ఎలా

డాగ్‌ఫైట్‌లో, అంటే యుద్ధవిమానాల దగ్గరి పోరులో, శత్రువు వెనక చేరాడని తెలియగానే పైలట్ విమానాన్ని పక్కకు ఒరిగించి స్టిక్‌ను (విమానాన్ని తిప్పే కర్రను) బలంగా వెనక్కి లాగుతాడు. ఒకటి రెండు సెకన్లలో ఒంటి మీద 7, 8 జి పడిపోతుంది. ఒక జి అంటే నేల మీద మన మామూలు బరువు, 7 జి అంటే దానికి ఏడు రెట్లు. గుండెకు, కళ్లకు మధ్య సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తుంది. పెరిగే ప్రతి జికీ కళ్ల దగ్గర రక్తపోటు 22 మిల్లీమీటర్ల (పాదరసం) చొప్పున తగ్గుతుంది. గుండె దగ్గర రక్తపోటు 120 ఉన్న మనిషి ఏమీ చేయకుండా కూర్చుంటే 5 జి దగ్గరే తలకు రక్తం అందదు. ఆపైన కావలసినదంతా ఒంటి బిగువుతో, ఊపిరితో సంపాదించుకోవాల్సిందే.

జి-సూట్, అంటే భారం పెరిగినప్పుడు గాలితో ఉబ్బి పొట్టను, కాళ్లను నొక్కే తొడుగు, పొట్టకు, తొడలకు, పిక్కలకు బిర్రుగా అతుక్కుని ఉండాలి. వదులుగా ఉంటే గాలి ముందు ఆ ఖాళీని నింపుతుంది, కాళ్లను నొక్కేసరికి రక్తం కిందికి దిగిపోయి ఉంటుంది. నేల మీద సుఖం కోసం విప్పుకున్న జిప్పులు మళ్లీ పెట్టారా, గొట్టం తగిలించారా చూసుకోండి. టెస్ట్ మీట నొక్కి, సూట్ ఉబ్బి పొట్టను అదమడం తెలిశాకే కదలండి. ఇంతా చేస్తే అది ఇచ్చేది 1 నుంచి 1.5 జి. (రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా శాస్త్రజ్ఞుడు విల్బర్ ఫ్రాంక్స్ తయారుచేసిన సూట్‌లో గాలి బదులు నీళ్లుండేవి.)

అసలు బలం ముక్కడంలో ఉంది. స్టిక్ లాగకముందే పాదాలతో పెడల్స్ తన్నిపట్టి పిక్కలు, తొడలు, పిరుదులు, పొట్ట బిగించండి. గుండెల నిండా గాలి పీల్చి, ఎక్కిళ్లొచ్చినప్పుడు ఠక్కున మూసుకున్నట్టు గొంతు మూసి, ఆ మూసిన గొంతు మీదికి గాలిని నెట్టండి. ఇప్పుడు స్టిక్ లాగండి. 3 సెకన్లకోసారి కొంచెం గాలి వదిలి, సెకనులోపే మళ్లీ పీల్చి మూసేయాలి. కాళ్లు మాత్రం ఒక్క క్షణం కూడా సడలకూడదు.

తప్పులు ఎక్కువగా ఊపిరి దగ్గరే జరుగుతాయి. గాలంతా వదిలేస్తే ఛాతీలో ఒత్తిడి కూలి, తలకు రక్తపోటు పడిపోతుంది. 5 సెకన్లు దాటి బిగబడితే రక్తం గుండెకు తిరిగి రాదు. రేడియోలో మాట్లాడాలంటే గొంతు తెరవాలి కాబట్టి భారం మీద ఉండగా మాట్లాడకండి. మొహం ఎర్రబడేలా మెడ బిగించి, కాళ్లు వదిలేసేవాళ్లుంటారు. శ్రమంతా వృథా.

మెడ సంగతి మరవకండి. తల, హెల్మెట్, మాస్క్ కలిసి ఆరున్నర కిలోలనుకుంటే 9 జిలో అది దాదాపు 60 కిలోలు. శత్రువును చూడటానికి తల ముందే తిప్పి, సీటుకు ఆనించి, ఆ తర్వాతే లాగండి. భారం మీద ఉండగా తిప్పితే మెడ పట్టేస్తుంది, ఒక్కోసారి డిస్క్ దెబ్బతింటుంది.

పోరులో అన్నిటికన్నా మోసం చేసేది స్టిక్‌ను ముందుకు నెట్టి, వెంటనే వెనక్కి లాగడం. రెండు మూడు సెకన్లు సున్నా జిలోనో రుణ జిలోనో (ఒంటిని సీటు నుంచి పైకి లేపే భారంలోనో) ఉంటే గుండె నెమ్మదిస్తుంది, రక్తనాళాలు వదులవుతాయి. అప్పుడు మామూలుగా తట్టుకునే 6 జికే స్పృహ పోవచ్చు. నెట్టాల్సి వస్తే, లాగే ముందు ఒళ్లు రెట్టింపు బిగించండి.

చూపు అంచుల నుంచి బూడిదరంగుకు తిరిగి గొట్టంలోంచి చూస్తున్నట్టయితే ముక్కుతూనే స్టిక్ కాస్త సడలించండి. అయితే ఈ హెచ్చరిక మెల్లగా లాగినప్పుడే వస్తుంది. మెదడులో నాలుగైదు సెకన్లకు సరిపడా ప్రాణవాయువు నిల్వ ఉంటుంది. ఒక్కసారిగా లాగినవాడు అది అయిపోగానే చూపు మసకబారకుండానే స్పృహ తప్పుతాడు. సుమారు 12 సెకన్లు ఏమీ తెలియదు, ఇంకో 12 సెకన్లు ఎక్కడున్నాడో అర్థంకాదు. సెకనుకు 250 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా దిగుతున్న విమానం ఆ మొదటి 12 సెకన్లలోనే 3 కిలోమీటర్ల ఎత్తు పోగొట్టుకుంటుంది. అందుకే పోరుకు ముందు 4 జితో ఒక మలుపు, 6 జితో ఇంకో మలుపు తిరిగి, ఆ రోజు ఒళ్లు ఎంత సహకరిస్తోందో చూసుకోండి. నీళ్లు తక్కువ తాగినా, నిద్ర చాలకపోయినా, చాలా రోజులు ఎగరకపోయినా 4 జి దగ్గరే చూపు చెబుతుంది.