డ్యూటీలో ఉండగానే ఒత్తిడి దించుకోవడం ఎట్ల? సమస్య – కారణం – పరిష్కారం

ఒత్తిడి అనగానే అందరూ చెప్పే మాట ఒకటే: "జర రెస్ట్ తీస్కో." నల్లగొండ మీసేవ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు, మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు రాసేవాళ్లకు, జడ్చర్ల పక్కన పోలేపల్లి ఫార్మా కంపెనీల్లో షిఫ్టు చేసేవాళ్లకు ఆ మాటతో అయ్యేదేమీ లేదు. ఎదురుగా లైన్ ఉంటుంది, లేచిపోయే వీలుండదు. అందుకే ఇక్కడ కుర్చీలో కూర్చునే చేసుకోగలిగేవి, లేదంటే రెండు మూడు నిమిషాలు పక్కకు జరిగి చేసుకోగలిగేవి మాత్రమే రాస్తున్నాను.

అన్నిటికీ ఒకే ఉపాయం పట్టుకోవద్దు. గుండె దడదడలాడుతున్న మనిషికి స్ట్రాంగ్ చాయ్ పోస్తే దడ ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నం మొద్దుబారి కూర్చున్న మనిషిని కళ్లు మూసుకుని ఊపిరి పీల్చమంటే కునుకు పడుతుంది. ఒంట్లో ఏం జరుగుతుందో ముందు చూసుకుని, దానికి తగ్గది చేయాలి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది

ఛాతీ మీద బరువు పెట్టినట్టు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లని చెమటలు, ఊపిరి ఆడకపోవడం ఉంటే దాన్ని టెన్షన్ అనుకోవద్దు. మూతి ఒక పక్కకు పోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక చెయ్యి లేవకపోయినా అంతే. "గ్యాస్ పట్టింది" అని సోడా తాగి కూర్చుని పోగొట్టుకున్న ప్రాణాలు మన దగ్గర తక్కువేం కాదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. తర్వాత అది వట్టి గాబరానే అని తేలితే మంచిదే కదా.

సమస్య: గుండె దడ, చేతుల్లో వణుకు, మాట తడబడటం

ఇది ఎక్కువగా ఎక్కడ కనిపిస్తుందంటే, యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో రైతుల దగ్గర వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల దగ్గర. సెంటర్ నడిపే మహిళా సంఘం అక్క చేతిలో ట్యాబ్ ఉంటుంది. కాంటా అయిన బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి, లారీ రాలేదు. పడమటి దిక్కు మబ్బు పట్టింది. టార్పాలిన్లు సరిపోవు. ఒకాయన తేమ 17 శాతం కంటే ఎక్కువ వచ్చిందని ఎందుకు ఆపారని అడుగుతుంటే, ఇంకొకాయన "వాన పడి నా వడ్లు తడిస్తే ఎవరు జిమ్మెదారమ్మా?" అని మీదికొస్తాడు. అదే టైంలో మిల్లు నుంచి ఫోన్. అప్పుడు గొంతు ఎండిపోతుంది, వేలు ట్యాబ్ మీద సరిగ్గా ఆనదు, తెలిసిన లెక్క కూడా తప్పుతుంది.

కారణం: మనసు దాన్ని ఆపదగా లెక్కవేసి ఒంట్లోకి అడ్రినలిన్ వదిలింది. ఉరకడానికో కొట్లాడటానికో ఒళ్లు తయారైంది, కానీ ఉరికే పని లేదు, కొట్లాడే పని లేదు. ఆ ఊపంతా గుండెలో, చేతుల్లో ఆడుతుంది. "గాబరా పడొద్దు" అని ఎన్నిసార్లు అనుకున్నా గుండె మాట వినదు. కానీ ఊపిరి మన చేతిలో ఉంటుంది. గాలి లోపలికి తీసుకునేటప్పుడు గుండె కొంచెం వేగంగా, బయటికి వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. వదిలే ఊపిరి పొడవు పెంచితే వేగస్ నాడి ద్వారా గుండెకు నెమ్మదించమనే కబురు వెళ్తుంది.

పరిష్కారం: ముక్కుతో నిండుగా గాలి తీసుకోండి. నిండింది అనిపించాక, ఆపకుండా ఇంకొక చిన్న గుటకంత గాలి తీసుకోండి. తర్వాత నోటితో, పెదాలు కొంచెమే తెరిచి, లోపల గాలి అయిపోయేదాకా మెల్లగా వదలండి. మూడు నాలుగు సార్లు చాలు. బస్తాల నంబర్లు చూస్తున్నట్టు, ప్రింటర్ నుంచి కాగితం వచ్చేదాకా ఆగినట్టు నిలబడి చేయవచ్చు, ఎదుటివాళ్లకు తెలియను కూడా తెలియదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 5 నిమిషాల చొప్పున నెల రోజులు ఇట్ల చేసినవాళ్లకు, అంతసేపే ధ్యానం చేసినవాళ్ల కంటే మనసు ఎక్కువ తేలికపడింది.

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. ఊపిరి పీల్చమన్నారు కదా అని గబగబా పెద్ద పెద్ద శ్వాసలు తీస్తారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి, భయం రెండింతలవుతుంది. పీల్చడం కాదు, వదలడం ముఖ్యం.

దడ తగ్గాక ఒక్క పనే చేయండి. ఫోన్ మిల్లుదైతే ముందు అది మాట్లాడండి, ఎదురుగా ఉన్న ఆయనతో "కాకా, లారీ సంగతి అడిగి నీకే చెప్త, జర ఆగు" అనండి. ఇద్దరికీ ఒకేసారి జవాబు చెప్పబోతే దడ మళ్లీ మొదటికొస్తుంది.

సమస్య: చిన్న మాటకే కోపం, విసుక్కోవడం, తర్వాత బాధపడటం

కారణం చాలాసార్లు ఎదుటి మనిషిలో ఉండదు. పొద్దున ఏడింటికి ఇంత తిని బయలుదేరి, పదకొండున్నర దాకా రెండు చాయ్‌లతో నెట్టుకొచ్చిన కడుపులో ఉంటుంది. ఎండాకాలం నల్లగొండలో 44, 45 డిగ్రీలు మామూలే. రేకుల షెడ్డు కింద, వేడిగాలి కొట్టే ఫ్యాన్ ముందు కూర్చుంటే ఒంట్లో నీళ్లు ఎంత పోతున్నాయో తెలియదు. నీళ్లు తగ్గితే తలనొప్పి, చిరాకు, పని మీద ధ్యాస లేకపోవడం అన్నీ వస్తాయి. ఆడవాళ్ల విషయంలో ఇంకోటి చెప్పాలి. ఆఫీసులో సరైన బాత్‌రూం లేక, పోవాల్సి వస్తుందని నీళ్లే తాగకుండా సాయంత్రం దాకా ఉండేవాళ్లు ఎందరో. అది వాళ్ల అలవాటు తప్పు కాదు, ఆఫీసు తప్పు. గట్టిగా అడగాల్సిన విషయం.

పరిష్కారం: కోపం గొంతు దాకా వచ్చినప్పుడు ముందు గ్లాసు నీళ్లు తాగండి. సీసా కళ్లకు కనబడేటట్టు కౌంటర్ మీదే పెట్టుకుంటే తాగుతారు, బ్యాగులో ఉంటే సాయంత్రం దాకా అట్లే ఉంటుంది. పదకొండు గంటలకు ఇంత సల్ల, లేదంటే గుప్పెడు పల్లీలో అరటిపండో కడుపులో పడితే మధ్యాహ్నం కొట్లాటలు సగం తగ్గుతాయని నా నమ్మకం. బీపీ ఉన్నవాళ్లు సల్లలో ఉప్పు తగ్గించుకోవాలి. వీలుంటే ముఖం మీద చల్లని నీళ్లు కొట్టుకుని, మెడ వెనక తడి దస్తీ వేసుకోండి.

లైన్లో ఉన్నవాళ్ల కోపానికి వేరే మందు ఉంది, నిజం చెప్పడం. సర్వర్ రావట్లేదని తెలిసీ "అయితది, అయితది" అంటే వాళ్లు నిలబడి నిలబడి మండిపోతారు, ఆ మంట మన మీదే పడుతుంది. "పెద్దయ్యా, సర్వర్ బంద్ ఉంది. గంట పట్టొచ్చు. చాయ్ తాగి రాండ్రి, మీ నంబర్ పోదు" అని చెప్పి చూడండి. ఎంతసేపో తెలియకపోవడమే మనిషిని ఎక్కువ సతాయిస్తుంది.

సమస్య: మెడ పట్టేయడం, భుజాల బరువు, సాయంత్రానికి తలనొప్పి

కారణం: ఒత్తిడిలో మనకు తెలియకుండానే భుజాలు చెవుల వైపు లేస్తాయి, పళ్లు బిగుస్తాయి. ఇది చదువుతున్నప్పుడే చూసుకోండి, పైపళ్లు కిందిపళ్లు తాకుతున్నాయా? తాకుతుంటే దవడ బిగించి ఉన్నారన్నమాట. దానికి తోడు స్క్రీన్ కిందికి ఉంటే తల ముందుకు వాలి, దాని బరువంతా మెడ వెనక కండరాలే మోస్తాయి.

పరిష్కారం: "వదులు" అంటే కండరం వదలదు. ముందు ఇంకా బిగించాలి. భుజాలు చెవుల దాకా ఎత్తి 5 సెకన్లు గట్టిగా పట్టి, ఒక్కసారి వదిలేసి 10 సెకన్లు అట్లే ఉండండి. పిడికిళ్లకు, దవడకు కూడా ఇదే వరస. ఎడ్మండ్ జేకబ్సన్ అనే అమెరికా వైద్యుడు వందేళ్ల కింద తయారు చేసిన పద్ధతికి ఇది పొట్టి రూపం. కీబోర్డు పక్కన పెట్టి రెండు సార్లు చేసుకుంటే నిమిషం పడుతుంది. మానిటర్ కింద రెండు పాత రిజిస్టర్లు పెట్టి, పై అంచు కంటి ఎత్తుకు వచ్చేటట్టు చూసుకోండి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. స్క్రీన్ చూస్తూ రెప్ప వేయడం మరిచిపోతాం కాబట్టి, ఆ కాస్తసేపు కావాలని రెప్పలు ఆడించండి.

నొప్పి చేతిలోకి దిగి వేళ్లు మొద్దుబారితే మాత్రం ఇది ఒత్తిడి సంగతి కాదు, డాక్టర్‌కు చూపించాలి.

సమస్య: చదివిన లైనే మళ్లీ చదవడం, ఏ పనీ ముందుకు పోకపోవడం

కారణం: తలలో ఒకేసారి పది పనులు తెరిచి ఉన్నాయి. మండల ఆఫీసుల్లో, బడుల్లో, అంగన్‌వాడీల్లో పనిచేసేవాళ్లకు వాట్సాప్ గ్రూపులే సగం ఒత్తిడి. "అర్జంట్, ఫోటో పెట్టండి" అని ఒకరు, "రిపోర్టు రాలేదు" అని మరొకరు. ఫోన్ మోగిన ప్రతిసారీ చేస్తున్న పని తెగుతుంది, మళ్లీ అందుకోవడానికి టైం పడుతుంది.

పరిష్కారం: ఫోన్‌లో కాదు, కాగితం మీద తలలో ఉన్నవన్నీ రాసేయండి. ఇంటి పనులు కూడా. బిడ్డ ఫీజు, గ్యాస్ బుకింగ్, ఏది గుర్తొస్తే అది. తర్వాత ఈ రోజు కాకపోతే నిజంగా నష్టం జరిగే ఒక్కదాని కింద గీత గీయండి. దాన్నే పట్టుకోండి. గ్రూపుల మోత బంద్ చేసి, గంటకోసారి మీరే తెరిచి చూడండి. నిజంగా అర్జంట్ అయితే సారు ఫోనే చేస్తాడు.

సమస్య: మూడు గంటలకు కళ్లు మూతపడటం, మొద్దుబారడం

ఒంటి గడియారం ప్రకారమే మధ్యాహ్నం కొంత మాంద్యం వస్తుంది. పెద్ద ప్లేటు అన్నం దాన్ని పెంచుతుంది. ఒక ముద్ద తగ్గించి కూర పెంచండి, జొన్నరొట్టె అలవాటున్న పాలమూరు వాళ్లకు ఇది కష్టం కాదు. తిన్నాక పది నిమిషాలు నీడ పట్టున నడవండి. నాలుగు దాటాక చాయ్ వద్దు. అందులోని కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది, రాత్రి నిద్ర చెడితే రేపటి ఒత్తిడి ఈ రోజే మొదలైనట్టు.

సమస్య: బస్సెక్కినా, ఇంటికి పోయినా పని తలలోంచి దిగకపోవడం

కారణం, సగంలో ఆగిన పనులు. వాటిని మరిచిపోతామేమో అని మనసు కాపలా కాస్తుంది. లేవడానికి 5 నిమిషాల ముందు రేపు చేయాల్సినవి రాసి టేబుల్ మీదే వదిలి రండి. అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. పడుకునే ముందు 5 నిమిషాలు రేపటి పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కంటే త్వరగా నిద్రపోయారు. పని వివరంగా రాస్తే ఫలితం ఇంకా మేలు. "రిపోర్టు" అని కాదు, "రిపోర్టులో రెండో పేజీ లెక్క సరిచూడాలి" అని రాయాలి.

సమస్య: ఇవన్నీ చేసినా తగ్గకపోవడం

అప్పుడు కారణం మీలో లేదు, పనిలో ఉంది. ముగ్గురు చేసే పని ఒక్కరి నెత్తిన పడితే ఊపిరితో ఒరిగేది కొద్దిగానే. ఫ్యాక్టరీల్లో అయితే 5 గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్ చెప్పేది; 2025 నవంబర్‌లో ఆ చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది. విరామం వాళ్ల దయ కాదు, మీ హక్కు. ఆఫీసుల్లో "నాతో కాదు" అని చెప్పడానికి భయమైతే, కాగితం ముందు పెట్టి ఇట్ల అడగండి: "సార్, ఈ మూడు పనులున్నయ్. సాయంత్రం లోపల రెండే అయితయ్. ఏ రెండు ముందు చెయ్యాల్నో మీరే చెప్పుండ్రి." చాలామంది అధికారులకు పని ఎంత పేరుకుందో అప్పుడే తెలుస్తుంది.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, అన్నం సహించక, దేని మీదా మనసు పోకుండా ఉంటే ఆలస్యం చేయొద్దు. బతకాలనిపించట్లేదనే ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగొద్దు. 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416. రాత్రీ పగలూ ఉంటుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. నేరుగా చూపించుకోవాలంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖానలు ఉన్నాయి. చీటీ రాయించుకునే దగ్గర మానసిక వైద్యుల ఓపీ కావాలని అడగండి. ఒక్కరే పోలేమనిపిస్తే ఆఫీసులో నమ్మకమున్న ఒకరిని తోడు తీసుకెళ్లండి.