డాష్‌క్యామ్ ఉన్నా వీడియో దొరకడం లేదా? లక్షణం, కారణం, మరమ్మతు

చౌటుప్పల్ దాటాక రాంగ్ రూట్లో ఎదురొచ్చే ట్రాక్టర్, దేవరకొండ రోడ్డు మీద చీకట్లో నిలబడ్డ బర్రె, మిర్యాలగూడ మిల్లుల దగ్గర చూసుకోకుండా రివర్స్ కొట్టే వడ్ల లారీ. మన దిక్కు డాష్‌క్యామ్, అంటే కారు ముందు అద్దానికి తగిలించి రోడ్డును రికార్డ్ చేసే కెమెరా, పెట్టించుకునేది ఇలాంటి వాటి కోసమే. తీరా అవసరం పడ్డ రోజు కార్డు తీసి చూస్తే వీడియో ఉండదు. కంపెనీని తిట్టుకుని ఇంకా ఖరీదైన కెమెరా కొంటారు, దాన్నీ అట్లాగే పెట్టిస్తారు.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. నల్లగొండ, పాలమూరు ఎండలకు కెమెరా కొంటున్నప్పుడు వేడిని తట్టుకుంటుందా, కార్డు ఎలాంటిది, కరెంటు ఎక్కడి నుంచి ఇస్తున్నాం అనేవి ముందు చూడాలి. 4కే, అంటే బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుందన్న సంగతి, ఆ తర్వాత. మీ బండిలో ఏ లక్షణం కనిపిస్తుందో దాని కిందికి పోయి చదవండి.

ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది, కార్డులో ఆ రోజు వీడియో లేదు

ముందు అనుమానించాల్సింది కార్డునే. ఫుల్ హెచ్‌డీ వీడియోను సెకనుకు 15 మెగాబిట్ల లెక్కన రాస్తే గంటకు దాదాపు 7 జీబీ అవుతుంది. అంటే 64 జీబీ కార్డు 8, 9 గంటల్లో నిండుతుంది. వెనక కెమెరా కూడా ఉంటే అందులో సగం సమయానికే. నిండగానే పాతది చెరిపి, దాని మీద కొత్తది రాస్తుంది. ఫోన్‌లో ఫొటోలు దాచుకునే మామూలు కార్డు ఈ చెరుపుడు, రాసుడు ఎక్కువ కాలం తట్టుకోదు. లోపల అరిగిపోయాక పాత ఫైళ్లు చూపిస్తుంది గానీ కొత్తవి రాయనివ్వదు. కొన్ని కెమెరాలు ఆ సంగతి గుర్తుపట్టి బీప్ కొడతాయి, కొన్ని ఏమీ చెప్పవు. అందుకే లైటును నమ్మొద్దు, ఫైలు తెరిచి తేదీ చూడండి.

ప్యాకెట్ మీద 'హై ఎండ్యూరెన్స్' అని రాసి, రాసే వేగాన్ని చెప్పే వీ30 లేదా యూ3 గుర్తు ఉన్న కార్డే కొనండి. హైదరాబాద్ పోయి వచ్చేవాళ్లకు 128 జీబీ ఉంటే నిమ్మళం, కాకపోతే మీ కెమెరా ఎంత సైజు దాకా తీసుకుంటుందో డబ్బా మీద చూసుకోవాలి. తక్కువ ధరకు వస్తోందని ఎక్కడంటే అక్కడ కొనొద్దు. పైన 128 అని ఉండి లోపల 16 కూడా లేని నకిలీ కార్డులు మార్కెట్లో ఉన్నాయి. ఇంటికి తెచ్చాక కంప్యూటర్లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో కార్డు మొత్తం ఒకసారి నింపి చదివిస్తే నకిలీ అయితే అక్కడే బయటపడుతుంది. ఫార్మాట్ మాత్రం కెమెరాలోనే చేయాలి, నెలకోసారి.

కార్డు మంచిదే అయినా వీడియో లేకపోతే రెండో కారణం జీ-సెన్సార్. బండికి కుదుపు తగలగానే ప్రమాదం అనుకుని ఆ క్లిప్‌కు తాళం వేసేది అదే. తాళం పడ్డ ఫైలు చెరగదు. ఊరి రోడ్ల మీద గుంతలు, పేరుకు స్పీడ్ బ్రేకర్లు గానీ గట్టుల్లాంటి మట్టి దిబ్బలు. సెన్సార్ 'హై' మీద ఉంటే వాటన్నిటికీ తాళాలు పడుతూ పోతాయి, కార్డు తాళం వేసిన చెత్తతోనే నిండుతుంది. ఇక 'కార్డ్ ఫుల్' అని ఆగిపోవడమో, అసలైన దానికి చోటు లేకపోవడమో జరుగుతుంది. సెట్టింగ్స్‌లో జీ-సెన్సార్‌ను 'లో' చేసి, ఒకసారి ఫార్మాట్ కొట్టండి. నిజంగా ఏదైనా జరిగినప్పుడు కెమెరా మీద ఉన్న లాక్ బటన్‌ను చేత్తో నొక్కడం అలవాటు చేసుకోండి.

అంతా ఉంది, సరిగ్గా గుద్దుకున్న ఆ ఒక్క క్లిప్పే తెరుచుకోవడం లేదంటే, దెబ్బకు కరెంటు తెగి ఫైలు మూసుకునేలోపే కెమెరా ఆగిపోయిందని అర్థం. లోపలి బ్యాటరీ చచ్చిపోయిన పాత కెమెరాల్లో ఇది మామూలే. క్లిప్ నిడివి 1 నిమిషానికి పెడితే పోయినా పోయేది ఆ కొద్దిసేపే. అసలు మందు మాత్రం కింది భాగంలో ఉంది.

మధ్యాహ్నం ఆగిపోతుంది, లేదా అద్దం మీంచి ఊడి పడుతుంది

ఏప్రిల్, మే నెలల్లో బయట 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు ఎండలో పెట్టిన కారు లోపల 60 దాటుతుంది. డాష్‌బోర్డు మీద, ముందు అద్దం దగ్గర ఇంకా ఎక్కువ. చాలా కెమెరాలకు కంపెనీలు చెప్పే హద్దు 60, 65 డిగ్రీల దగ్గరే ఉంటుంది. లోపల లిథియం బ్యాటరీ ఉన్న కెమెరా ఈ వేడికి ఉబ్బుతుంది. అంచుల దగ్గర ప్లాస్టిక్ విచ్చుకుందా, స్క్రీన్ కొంచెం పైకి లేచిందా అని వేలితో తడిమి చూడండి. ఉబ్బినట్టు అనిపిస్తే ఆ కెమెరాను చార్జింగ్ పెట్టొద్దు, బండిలో ఉంచొద్దు, గుచ్చడం, ఒత్తడం అసలే వద్దు.

కొనేటప్పుడు దుకాణదారుణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "లోపల బ్యాటరీ ఉందా, సూపర్ కెపాసిటర్ ఉందా?" కెపాసిటర్ వేడికి బ్యాటరీ కన్నా చాలా మెరుగ్గా నిలుస్తుంది. కరెంటు పోయాక ఆఖరి ఫైలును మూసేంత శక్తిని కొన్ని సెకన్లు ఇస్తుంది, కెమెరాకు కావాల్సింది అంతే. మన ప్రాంతానికి బ్యాటరీ కెమెరా నేనైతే ఎవరికీ కొనమని చెప్పను, ఎంత పెద్ద పేరున్నదైనా సరే.

ఊడిపోవడానికి కారణం సాధారణంగా టేపు కాదు, అతికించిన తీరు. అద్దం పైఅంచున నల్ల చుక్కల పట్టీ ఉంటుంది కదా, దాని మీద టేపు సరిగ్గా పట్టదు. వేడెక్కిన అద్దం మీద, ఏసీ తేమ ఉన్న అద్దం మీద కూడా పట్టదు. రబ్బరు వాక్యూమ్ కప్పు అయితే మన ఎండలకు ఒక సీజన్ నిలవడమే గొప్ప. పొద్దున్నే చల్లటి పూట, నీడలో బండి పెట్టి, స్పిరిట్‌తో అద్దం తుడిచి ఆరనివ్వండి. ముందు కెమెరా లేకుండా బ్రాకెట్ ఒక్కటే అతికించి అర నిమిషం గట్టిగా ఒత్తండి. మంచి టేపుకు పూర్తి పట్టు రావడానికి ఒక రోజుకు పైనే పడుతుంది. కాబట్టి కెమెరాను కనీసం ఒక రోజు ఆగాక తగిలించండి.

చోటు విషయానికొస్తే లోపలి మిర్రర్ వెనక, ఎడమ పక్కన పెట్టడం మంచిది. డ్రైవర్ చూపుకు అడ్డం రాదు, మిర్రర్ నీడ కూడా కొంత దక్కుతుంది. వైపర్ తుడిచే భాగంలో లెన్స్ ఉండాలి, లేకపోతే వానాకాలంలో బురద చుక్కలే రికార్డ్ అవుతాయి. కొత్త కార్లలో మిర్రర్ వెనక రెయిన్ సెన్సార్, కంపెనీ కెమెరా ఉంటాయి, వాటి ముందు ఏదీ అడ్డం పెట్టొద్దు.

పొద్దున్నే సెల్ఫ్ అందుకోదు

"అన్నా, నిన్న మంచిగనే పెట్టిన, పొద్దున టక్ టక్ అంటది గానీ ఎత్తుకోలె" అని ఎవరైనా అంటే, డాష్‌క్యామ్‌కు పార్కింగ్ మోడ్, అంటే బండి ఆపాక కూడా రికార్డ్ చేసే పద్ధతి, ఉందా అని అడగండి.

లెక్క తేలికే. పార్కింగ్ మోడ్‌లో కెమెరా 0.3 ఆంపియర్ కరెంటు తాగుతూ పోయిందనుకుందాం. రాత్రి 12 గంటలకు 3.6 ఆంపియర్-అవర్లు. చిన్న కారులో ఉండే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీకి అదేం పెద్ద బరువు కాదు. అదే బండి మూడు రోజులు కదలకపోతే 21 దాటుతుంది, బ్యాటరీలో సగానికి పైగా అయిపోయినట్టే. ఊళ్లలో వారానికోసారి తీసే కార్లకు పార్కింగ్ మోడ్ పెట్టించడం బ్యాటరీకి మంచిది కాదు. పార్కింగ్ మోడ్ వాడకున్నా ఇదే బాధ ఉంటే, మీ కారు సిగరెట్ సాకెట్‌కు తాళం తీసేశాక కూడా కరెంటు వస్తోందేమో చూడండి. కొన్ని కార్లలో వస్తుంది.

పార్కింగ్ మోడ్ కావాలంటే, ఫ్యూజ్ బాక్స్ నుంచి నేరుగా కరెంటు ఇచ్చే హార్డ్‌వైర్ కిట్ పెట్టించాలి. దాంట్లో మూడు వైర్లు ఉంటాయి. ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్‌కు, ఒకటి తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజ్‌కు, మూడోది ఎర్త్‌కు. రంగులు కంపెనీని బట్టి మారతాయి, కాగితం చూడకుండా కలపొద్దు. చాలా కార్లలో ఫ్యూజ్ బాక్స్ స్టీరింగ్ కింద మోకాళ్ల దగ్గర ఉంటుంది. మూత తీస్తే ఎర్రవి 10 ఆంపియర్, నీలివి 15, పసుపువి 20. టెస్ట్ ల్యాంప్ క్లిప్‌ను బాడీ బోల్టుకు పట్టించి, మొనను ఫ్యూజ్ నెత్తి మీద కనిపించే చిన్న లోహపు చుక్కకు ఆనించండి. తాళం తీసేసినా వెలిగితే అది ఎప్పుడూ కరెంటు ఉండేది. తాళం తిప్పితేనే వెలిగితే రెండోది. సాకెట్ ఫ్యూజ్, లోపలి లైటు ఫ్యూజ్ ఈ పనికి బాగుంటాయి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ కంప్యూటర్ ఫ్యూజుల జోలికి ఎంతమాత్రం పోవద్దు.

వైరు తొక్క గీకి మెలేసి టేపు చుట్టే మెకానిక్‌ను అక్కడే ఆపండి. ఫ్యూజ్ ట్యాప్ అనే చిన్న ముక్క దొరుకుతుంది, దానితో ఒక్క వైరు కూడా కోయకుండా పనవుతుంది. కోసిన వైరు వల్ల వారంటీ గొడవలు వస్తాయి, షార్ట్ అయితే బండికే ప్రమాదం. కిట్‌లో కటాఫ్ వోల్టేజీ, అంటే బ్యాటరీ ఎంతకు దిగితే కెమెరాకు కరెంటు ఆపాలన్నది, ఎంచుకునే వీలుంటే 12.2 దగ్గర పెట్టండి. 11.6, 11.8 అని ఇచ్చేవి బ్యాటరీని దాదాపు ఖాళీ చేశాకే ఆగుతాయి.

వైరు దారి గురించి ఇంకో మాట, ఇది ప్రాణాలకు సంబంధించింది. ముందు అద్దం పక్క పిల్లర్ మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంటే లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టు. దాని ముందు నుంచి వైరు లాగితే అది విచ్చుకునేటప్పుడు అడ్డు పడుతుంది. వైరు ఎయిర్‌బ్యాగ్ వెనక నుంచి, కంపెనీ వైర్లతో కలిపి కట్టి పోవాలి. అది తెలియని మనిషైతే పిల్లర్ విప్పనివ్వకండి, డోర్ బీడింగ్ రబ్బరు కిందుగా తెప్పించండి. వైరు కొంచెం కనబడితే కనబడనివ్వండి.

నడుస్తూ నడుస్తూ ఆఫ్ అయి ఆన్ అవుతుంది, రేడియో గరగరలాడుతుంది

మ్యూజిక్ సిస్టం యూఎస్‌బీలో పెడితే కొన్నింట్లో 0.5 ఆంపియరే వస్తుంది, కెమెరాకు 1.5 నుంచి 2 దాకా కావాలి. పైగా కొన్ని కెమెరాలు అక్కడ పెడితే తమను పెన్‌డ్రైవ్ అనుకుని రికార్డింగ్ మానేస్తాయి. డబ్బాలో వచ్చిన అడాప్టర్, డబ్బాలో వచ్చిన కేబులే వాడండి. గరగర చౌక అడాప్టర్ వల్ల వస్తుంది. కేబుల్‌ను యాంటెన్నా వైరుకు దూరంగా జరిపి, కేబుల్‌కు గరగరను అణిచే ఫెర్రైట్ క్లిప్ ఒకటి తగిలిస్తే చాలా వరకు తగ్గుతుంది.

రాత్రి నంబర్ ప్లేటు తెల్ల మచ్చలా వస్తుంది

ఇక్కడ కొంత కెమెరా తప్పు, కొంత ప్రకృతి ధర్మం. ఎదుటి బండి మనకు గంటకు 60 కిలోమీటర్ల తేడాతో పోతుంటే సెకనుకు 16, 17 మీటర్లు కదులుతుంది. చీకట్లో కెమెరా షట్టర్ సెకనులో 30వ వంతు తెరిచి ఉంటే, ఆ లోపే అర మీటరు జరిగిపోతుంది. ప్లేటే అంత వెడల్పు. ఎంత ఖరీదు పెట్టినా ఇది పూర్తిగా పోదు. 4కే అని డబ్బా మీద రాసి, లోపల ఫుల్ హెచ్‌డీ సెన్సార్ బొమ్మను సాగదీసి చూపించే కెమెరాలూ ఉన్నాయి. సెన్సార్ పేరు అడగండి. సోనీ స్టార్విస్ రకం సెన్సార్లు తక్కువ వెలుతురులో మెరుగు.

2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు వస్తున్న హై సెక్యూరిటీ ప్లేట్లు మన హెడ్‌లైట్‌కు బాగా మెరుస్తాయి. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గిస్తే అక్షరాలు తేలతాయి. వీధి దీపాల కింద బొమ్మ అలలుగా ఊగుతుంటే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌కు మార్చండి. అద్దం లోపలి వైపు పట్టిన జిడ్డు కూడా ఎదుటి లైట్లను చెదరగొడుతుంది. డాష్‌బోర్డు పాలిష్, దేవుడి ముందు వెలిగించే అగరుబత్తి పొగ అక్కడే పేరుకుంటాయి. వారానికోసారి లోపలి నుంచి తుడవండి.

అన్నిటికన్నా పనికొచ్చే ఉపాయం ఖర్చు లేనిది. మైక్ ఆన్‌లో ఉంచి, పారిపోతున్న బండి నంబర్‌ను గట్టిగా చదవండి. టీజీ 05 అని మొదలుపెట్టి కనిపించినంత. బొమ్మలో పోయింది గొంతులో మిగులుతుంది. మైక్ ఆన్‌లో ఉన్నప్పుడు బండిలో మాటలన్నీ రికార్డ్ అవుతాయని పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పడం మర్యాద.

పగలు వీడియో మీద డాష్‌బోర్డు ప్రతిబింబం

డాష్‌బోర్డు మీద పరిచిన తెల్ల తువ్వాలు, కాగితాలు తీసేయండి. ఇంకా ఉంటే లెన్స్‌కు సీపీఎల్ ఫిల్టర్, అంటే అద్దం మీది ప్రతిబింబాన్ని తగ్గించే బిళ్ల, పెట్టి, అది పోయేదాకా తిప్పండి. రాత్రికి ఆ ఫిల్టర్ వెలుతురు తగ్గిస్తుంది, రాత్రి ప్రయాణాలే ఎక్కువైతే వద్దు. మిర్రర్‌కు వేలాడే పూలదండ ఊగుతుంటే పార్కింగ్ మోడ్ దాన్ని కూడా దొంగ అనుకుని రికార్డ్ చేస్తుంది.

తేదీ తప్పు చూపిస్తుంది, ఫోన్‌కు కలవదు

బండి చాలా రోజులు ఆగితే కొన్ని కెమెరాల గడియారం మొదటికొస్తుంది. జీపీఎస్ ఉన్నదైతే టైం జోన్ +5:30 పెట్టండి. వైఫై కలవకపోతే ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి చూడండి, ఎక్కువసార్లు గొడవ దానితోనే.

వీడియో దొరికింది, స్టేషన్‌కు ఎట్లా ఇవ్వాలి

ప్రమాదం జరగ్గానే, మనుషులకు సాయం అందాక, ముందు కెమెరా ఆపి కార్డు తీయండి. రికార్డింగ్ నడుస్తూ ఉంటే అదే కార్డు దాన్ని చెరిపేయొచ్చు. ఫైలును కత్తిరించొద్దు, పేరు మార్చొద్దు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించేస్తుంది, అసలు ఫైలుకూ దానికీ పొంతన ఉండదు. కంప్యూటర్‌లోకి ఉన్నదున్నట్టు కాపీ చేసి, ఇచ్చేది పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్యాల చట్టం, భారతీయ సాక్ష్య అధినియం, 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే దానితో పాటు సర్టిఫికెట్ ఉండాలి. అందులో ఒక భాగం కెమెరా ఎవరి అధీనంలో ఉందో వాళ్లు, ఇంకో భాగం నిపుణుడు నింపుతారు. ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తు, కూడా అందులో రాయాలి. ఫైలులో ఒక్క ఫ్రేము మారినా ఆ విలువ మారిపోతుంది. అందుకే అసలు కార్డును ముట్టుకోకుండా దాచాలి. పోలీసులు కార్డునే అడిగితే ఇవ్వండి, రసీదు తీసుకోండి, కెమెరా టైం అసలు టైం కన్నా ఎన్ని నిమిషాలు ముందో వెనకో ఉంటే ఆ మాట కూడా రాసివ్వండి. ఇన్సూరెన్స్ సర్వేయర్‌కు చూపించడానికి మీ దగ్గర కాపీ ఒకటి ఉండాలి. కార్డు ఇచ్చేశాక కెమెరాలో ఏమీ ఉండదు, బండి మళ్లీ రోడ్డెక్కే ముందే కొత్తది వేసి ఫార్మాట్ కొట్టండి.