కొత్త పవర్ టార్చిని విప్పి సెట్ చేసుకునుడు ఎట్ల

కొత్త హై పవర్ టార్చి కొన్నంక బాక్సుల నుంచి తీసి నేరుగ పొలానికి పట్టుకపోవద్దు, ముందు ఒక పూట కూసోని విప్పి, సాఫ్ చేసి, మల్ల బిగియ్యాలె. ఫ్యాక్టరీల రోజుకు ఎన్నో బిగిస్తుంటరు, అందుకే థ్రెడ్లకు గ్రీజు సరిగ ఉండదు, లోపటి రింగు సగం చుట్టు వదులుగ ఉంటది, ఎల్‌ఈడీ కింద థర్మల్ పేస్టు (వేడిని బాడీకి పంపే ముద్ద) ఒక మూలకే అంటి ఉంటది. చాలమంది వెలుతురు తక్కువైతే ఎల్‌ఈడీ మంచిది కాదనుకుంటరు. నేను చూసినకాడికి నష్టం ఎల్‌ఈడీల తక్కువ, జాయింట్లల్ల ఎక్కువ. స్ప్రింగు, థ్రెడ్లు, రింగు, వేడి బయటికి పోయే దారి, ఈ నాలుగు సక్కగ చేస్తే ఎక్కువ లూమెన్స్ (వెలుతురు కొలత) ఉన్న కొత్త టార్చి కొనే పనే ఉండదు.

మా నల్గొండ, పాలమూరు దిక్కు టార్చి షోకు వస్తువు కాదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనంక రాత్రిపూట మోటరు కోసం లేచుడు తగ్గింది గని, పల్లి చేనుకు, మక్క చేనుకు అడవి పందులు వచ్చేది రాత్రే, బత్తాయి తోటల డ్రిప్పు పైపు పలిగితే చూసుకోవల్సింది రాత్రే. ఒడ్డు మీద కట్లపామో రక్తపింజరో ఉంటే అడుగు పెట్టకముందే కనపడాలె. టార్చి నడిమిట్ల మిణుకుమిణుకు అంటే ఎట్ల?

కావల్సిన సామాను పెద్దగ లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది, సన్న మొనల ట్వీజర్ లేకపోతే నోస్ ప్లయరు, ఒక మల్టీమీటరు, కంప్యూటర్ ప్రాసెసర్‌కు పెట్టే థర్మల్ పేస్టు, సిలికాన్ గ్రీజు, ఒక పాత సైకిల్ ట్యూబు ముక్క. ఆల్కహాలు, ట్వీజరు మొబైల్ రిపేరు షాపులల్ల దొరుకుతయ్, నల్గొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల అడిగినా దొరుకుతయ్, హైదరాబాద్ పోయే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీల అన్నీ ఒక్కకాడనే. సిలికాన్ గ్రీజు వాటర్ ఫిల్టర్ రిపేరు చేసేటోళ్ల దగ్గర ఉంటది, ఆర్‌వో ఫిల్టర్ రబ్బరు రింగులకు వాళ్లు అదే పెడ్తరు. ఆల్కహాల్‌కు బదులు పెయింట్ థిన్నరు, పెట్రోలు వాడొద్దు, రబ్బరు రింగులు, ప్లాస్టిక్ ఖరాబైతయ్. శానిటైజరు కూడ వద్దు, దాంట్ల గ్లిజరిన్ ఉంటది, జిడ్డు మిగులుతది.

విప్పకముందు సెల్లు సంగతి తేల్చుకోవాలె. ఎక్కువ టార్చిలల్ల 18650 సెల్లే ఉంటది, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడుగు. దాని మీద 9900 ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడ్తదో చెప్పే అంకె) అని రాసి ఉంటే నమ్మకండి, ఆ సైజుల పేరున్న కంపెనీల మంచి సెల్లు కూడ 3500 దగ్గర్లనే ఉంటది. అసలు సెల్లు బరువు 45 గ్రాములు అటుఇటు ఉంటది, తెలిసిన బంగారం షాపు ఉంటే కాంటా మీద పెట్టి చూడమనండి, 30 గ్రాములే వస్తే లోపల సరుకు లేనట్టే. ఫుల్ ఛార్జింగుల 4.2 వోల్టులు చూపెట్టాలె, 3 వోల్టుల కింది దాక ఎప్పుడూ వాడొద్దు. పైన ప్లాస్టిక్ తొడుగు చిరిగిన సెల్లు అస్సలు పెట్టొద్దు, ఎందుకంటే సెల్లు డబ్బా మొత్తం మైనస్సే, ప్లస్ మూతి దగ్గర తొడుగు చిరిగితే షార్టు అయ్యేందుకు ఎంతోసేపు పట్టది. రెండు సెల్లు వరుసగ పడే టార్చి అయితే రెండూ ఒకే కంపెనీవి, ఒకే వయసువి, ఒకే వోల్టేజివి ఉండాలె.

సెల్లు తీసి ఒక ప్లాస్టిక్ డబ్బాల పక్కకు పెట్టండి. కొలిచేటప్పుడు, వెలిగించి చూసేటప్పుడు తప్ప ఇగ అన్ని పనులు సెల్లు లేకుండనే. ప్రతి అడుగుల ఫోన్‌తోటి ఫోటో తీసుకోండి, ఏ రింగు ఏ దిక్కు ఉండెనో తర్వాత యాదికి రాదు.

వెనక దిక్కు నుంచి మొదలుపెట్టాలె. టెయిల్ క్యాప్ (వెనక మూత) లోపటికి చూస్తే స్ప్రింగు, దాని చుట్టూ రెండు చిన్న బొక్కలున్న రింగు కనపడ్తది. ఈ రింగు స్విచ్చును పట్టుకునేందుకు మాత్రమే అనుకుంటరు గని కరెంటు దారి కూడ అదే, బాడీ నుంచి రింగుకు, రింగు నుంచి స్విచ్చు బోర్డుకు, అక్కడ్నుంచి స్ప్రింగు మీదికెళ్లి సెల్లు మైనస్‌కు. అది కొంచెం లూజు ఉన్నా లైటు మినుక్కుమంటది, చేత్తోటి కొడితే వెలుగుతది, మల్ల ఆరిపోతది. ట్వీజర్ మొనలు ఆ రెండు బొక్కలల్ల పెట్టి తిప్పి తీయండి, రింగుకు, అది కూసునే జాగకు ఆల్కహాల్ దూది రుద్దండి, నల్ల మురికి వస్తది, మల్ల గట్టిగ బిగియ్యండి. టార్చి మినుక్కుమంటుందని నా దగ్గరికి తెచ్చేటోళ్లవి ఎక్కువ ఇంతటితోనే బాగైతయ్.

తర్వాత బాడీ ట్యూబు. ట్యూబు అంచు రంగు లేకుండ తెల్లగ మెరుస్తుంటది, అది కరెంటు తాకే జాగ, దానికి గ్రీజు పెట్టొద్దు, స్కూలు పిల్లల రబ్బరుతోటి రుద్ది మెరిపియ్యాలె. థ్రెడ్లు వేరే సంగతి. పాత గ్రీజు మొత్తం తుడిచి, అల్యూమినియం పొడి పోయేదాక దూది మార్చుకుంట రుద్ది, ఆరినంక సిలికాన్ గ్రీజు పలుచగ రాయాలె, ఓ-రింగుకు (నీళ్లు రాకుండ ఆపే రబ్బరు రింగుకు) కూడ అంతే. వాజిలీన్ పెడ్తరు కొందరు, మన దిక్కు ఎండలకు అది కరిగి కారి లోపటికి పోతది, కొబ్బరి నూనె అయితే కొన్ని దినాలకు జిగురైతది. ఇంకోటి, పాలమూరు చల్క నేలల ఎర్ర దుమ్ము గ్రీజుకు మస్తు అంటుకుంటది, అందుకే గ్రీజు కనిపించీ కనిపించనట్టు ఉంటే చాలు, ఎండాకాలం పోయినంక ఒకసారి తుడిచి మార్చుకోవాలె.

ఇప్పుడు కొలత. మల్టీమీటరు ఎర్ర వైరు 10 యాంపుల బొక్కల పెట్టి, టెయిల్ క్యాప్ లేకుండ సెల్లు ఏసి, ఎర్ర మొన ట్యూబు తెల్ల అంచుకు, నల్ల మొన సెల్లు మైనస్‌కు ఆనిస్తే లైటు వెలుగుతది, ఎన్ని యాంపులు తీసుకుంటుందో మీటరు చెప్తది. మొన ఒకేసారి ట్యూబును, సెల్లును తాకకుండ చూసుకోండి. రెండు మూడు సెకండ్లు చాలు, చిన్న మీటర్లు 10 యాంపుల మీద ఎక్కువసేపు ఆగయ్. మూడు నాలుగు ఎల్‌ఈడీలున్న పెద్ద టార్చిలు 10 యాంపులు దాటుతయ్, వాటికి ఈ పని చెయ్యొద్దు. కొలిచినంక ఎర్ర వైరును వెంటనే వోల్టుల బొక్కలకు మార్చాలె, ఇది చానా ముఖ్యం, మర్చిపోయి అట్లనే సెల్లు వోల్టేజి చూస్తే నేరుగ షార్టే. 2500 ఎంఏహెచ్ సెల్లు పెట్టినప్పుడు 3 యాంపులు వస్తే హైల (పూర్తి వెలుతురుల) దగ్గర దగ్గర 50 నిమిషాలు, మీకు రాత్రికి ఎంత కావాల్నో దీంతోనే లెక్క తెలుస్తది.

స్ప్రింగు సంగతి కొంచెం వివరంగ చెప్తా, ఎందుకంటే అసలు తేడా ఇక్కడనే వస్తది. సన్న ఉక్కు స్ప్రింగు కరెంటును బాగ అడ్డుకుంటది. దాని రెసిస్టెన్స్ 0.05 ఓమ్ అనుకోండి, 5 యాంపులు పోతే 0.25 వోల్టు అక్కడనే పోతది, అంటే 1.25 వాట్లు వెలుతురు కాకుండ స్ప్రింగుల వేడైతది. దీనికి మందు ఏందంటే, సిలికాన్ తొడుగున్న 22 గేజి మెత్తటి రాగి వైరు చిన్న ముక్కను స్ప్రింగు లోపట్నుంచి పెట్టి ఒక కొన కింద బోర్డుకు, ఇంకో కొన స్ప్రింగు పైకొనకు సోల్డర్ చేసుడు. స్ప్రింగు పైకొనను సన్న గీకుడు కాయిదంతోటి రుద్ది ఫ్లక్స్ పెడితేనే సోల్డర్ అంటుతది. 60 వాట్ల ఐరన్ కావాలె, చిన్నదైతే ఎక్కువసేపు ఆనిచ్చి పట్టాల్సి వస్తది, అట్ల ఎక్కువ వేడి తగిలితే స్ప్రింగు బలం పోయి మెత్తబడ్తది, ఆనియ్యాలె, కరగాలె, తీసెయ్యాలె. వైరు పొడుగు స్ప్రింగు పూర్తిగ లేచినప్పుడు గుంజకుండ, పూర్తిగ అణిగినప్పుడు పక్కకు పొడుచుకరాకుండ ఉండాలె. పైన సోల్డర్ గడ్డ ఎత్తుగ కాకుండ చదునుగ ఉండాలె, లేకపోతే సెల్లు వంకరగ కూసుంటది. అయితే ఒకటి, డ్రైవరు (ఎల్‌ఈడీకి కరెంటు పంపే బోర్డు) బక్ లేకపోతే బూస్ట్ రకమైతే, అంటే సెల్లు వోల్టేజిని తగ్గించి గని పెంచి గని ఇచ్చేదైతే, దీంతో వెలుతురు పెరగది, అదే వెలుతురు ఇంకొంతసేపు నిలబడ్తది. మామూలు డ్రైవరు అయితే పెరిగినట్టు కంటికే తెలుస్తది.

ఇప్పుడు ముందటి తలకాయ దిక్కు వద్దాం. బెజెల్ (అద్దాన్ని పట్టుకునే ముందటి రింగు) చేతికి తిరగకపోతే సైకిల్ ట్యూబు చుట్టి తిప్పండి, అప్పటికీ రాకపోతే జిగురు పెట్టిండ్రన్నట్టు, హెయిర్ డ్రయ్యరుతోటి బాగ వేడి చేసి మల్ల చూడండి. దానికీ రాకపోతే వదిలెయ్యండి. పానా పెట్టి బలమంత చూపిస్తే బాడీ గీతలు పడ్తది, లేకపోతే అద్దం పలుగుతది, విప్పిన టార్చికి వారంటీ కూడ పోతది, అందుకే తల దిక్కు ఏదన్న తక్కువ కనపడితేనే విప్పమంటా.

విప్పేటప్పుడు ఫ్యాను బంద్ చెయ్యండి. బెజెల్, ఓ-రింగు, అద్దం, రిఫ్లెక్టరు, దాని కింద చిన్న తెల్ల ప్లాస్టిక్ రింగు, ఆఖరుకు ఎల్‌ఈడీ, ఈ వరుసల వస్తయ్. రిఫ్లెక్టరు లోపటి మెరుపును ఏలుతోటి గని దూదితోటి గని ముట్టొద్దు, అది ఆవిరి చేసి పట్టించిన అల్యూమినియం పూత, గీత పడితే పోదు, దుమ్ముంటే కెమెరాలకు కొట్టే రబ్బరు బ్లోయరుతోటి ఊదాలె. ఎల్‌ఈడీ పైన కూడ దుమ్ము ఉండొద్దు, హైల పెట్టంగనే అది కాలి మచ్చ అయితది.

ఆ చిన్న ప్లాస్టిక్ రింగు రెండు పనులు చేస్తది, ఎల్‌ఈడీని నడిమధ్యల పెడ్తది, రిఫ్లెక్టరు లోహం ఎల్‌ఈడీ సోల్డరుకు తాకకుండ ఆపుతది. పారేసుకోవద్దు. ఫోకస్ సెట్ చేసేది కూడ దీని దగ్గరనే. రాత్రి తక్కువ వెలుతురు మోడుల పెట్టి 5 మీటర్ల దూరం నుంచి తెల్ల గోడ మీద కొట్టండి, దగ్గర్నుంచి చూస్తే రిఫ్లెక్టరు వెలుగు పూర్తిగ కలవది, తప్పు అనిపిస్తది. నడుమ నల్ల గుంత కనపడితే ఎల్‌ఈడీ సరైన ఎత్తుల లేదు. రింగు కింద క్యాప్టన్ టేపు (వేడికి ఆగే టేపు) ఒక పొర ఏసి రిఫ్లెక్టరును కొంచెం లేపి చూడండి, గుంత తగ్గితే ఇంకో పొర, పెరిగితే ఉల్టా చేసి రింగును సన్న కాయిదం మీద రుద్ది పలుచగ చేయండి. లోహపు వాషరు మాత్రం వద్దు, షార్టు అయితది. వెలుగు ఒక దిక్కు గుంజినట్టుంటే ఎల్‌ఈడీ పక్కకు జరిగింది, బోర్డు రెండు స్క్రూలు వదులు చేసి నడుమకు జరిపి బిగియ్యాలె.

ఆ స్క్రూలు ఎట్లాగూ విప్పుతరు కాబట్టి వైర్లు తెగకుండ బోర్డు లేపి కింద పాత పేస్టు తుడిచి కొత్తది పెట్టండి. పలుచగ, ఒకే పొర, మందంగ పెడితే వేడికి అడ్డం అయితది. సరిగ కూసున్నదా లేదా అని తెలుసుకునుడు సులువు, హైల పెట్టి ఒకటి రెండు నిమిషాలు పట్టుకోండి, తల దిక్కు బాడీ వేడి కావాలె. బాడీ చల్లగనే ఉండి వెలుగు నీలంగ మారి తగ్గుతుంటే వేడి లోపల్నే ఆగిందన్నట్టు. వేడి బయటికి వచ్చే టార్చే మంచి టార్చి.

బటన్లతోటి సెట్టింగులుండే టార్చి, ఆండ్యురిల్ ఫర్మ్‌వేర్ (టార్చి లోపటి ప్రోగ్రాము) ఉన్నది అయితే, టెంపరేచర్ సెట్టింగు తప్పక చూడండి. ముందు అడ్వాన్స్‌డ్ మోడులకు పోవాలె, ఆఫ్‌ల ఉన్నప్పుడు పది నొక్కులు, ఆఖరు నొక్కు పట్టి ఉంచాలె. తర్వాత మూడు నొక్కులు బ్యాటరీ చెక్, అక్కడ రెండు నొక్కులు టెంపరేచర్ చెక్, అక్కడ ఏడు నొక్కి ఆఖరుది పట్టుకుంటే మెనూ. మొదటిది ఇప్పటి గది వేడి, ఎన్ని డిగ్రీలుంటే అన్ని నొక్కులు. తెల్లారంగ టార్చి పూర్తిగ చల్లగున్నప్పుడు చేస్తే సరిగ వస్తది. రెండోది లిమిటు, అంటే ఎంత వేడెక్కినంక టార్చి వెలుతురు తగ్గించుకోవాల్నో, 30కి పైన ఎన్ని నొక్కులైతే అన్ని డిగ్రీలు కలుస్తయ్, 15 నొక్కితే 45. మే నెలల పొద్దూకినా గాలే వేడిగుంటది మనకాడ, లిమిటు పెంచి చేతులు, సెల్లు కాల్చుకునే పని పెట్టుకోవద్దు.

దూరం ఎంత పోతదో మీరే కొలుసుకోవచ్చు. ఫోన్‌ల లక్స్ మీటరు (ఒక జాగల పడే వెలుతురును కొలిచేది) యాప్ ఏసి 5 మీటర్ల దూరంల నడుమ వెలుగు ఫోను ముందటి సెన్సరు మీద పడేటట్టు చూసి వచ్చిన అంకెను 25తోటి గుణిస్తే క్యాండెలా (ఒక దిక్కు పోయే వెలుగు బలం), దాని వర్గమూలానికి రెట్టింపు చేస్తే మీటర్లు. 400 లక్స్ వస్తే 10,000 క్యాండెలా, అంటే 200 మీటర్లు. ఆ 200 మీటర్ల కాడ పడేది 0.25 లక్సే, పున్నమి వెన్నెలంత, అందుకే పందినో మనిషినో గుర్తుపట్టేందుకు అందుల సగం దూరమే లెక్కపెట్టుకోవాలె. ఫోను సెన్సరు అంత కచ్చితం కాదు గని విప్పకముందు ఒకసారి, బిగించినంక ఒకసారి కొలిస్తే తేడా మాత్రం నిజమే చెప్తది. దూరం రెట్టింపు కావాల్నంటే క్యాండెలా నాలుగింతలు కావాలె.

ఒడ్ల మీద నడిచేందుకే అయితే దూరం పోయే లైటు కంటే పరుచుకునే లైటే నయం అంటా నేను. అద్దం మీద మసక రకం పారదర్శక టేపు ఒక పొర అతికిస్తే వెలుగు కాళ్ల చుట్టూ పరుచుకుంటది, పక్కన గడ్డిల ఉన్నది కూడ కనపడ్తది. కాపలాకు పోయేటప్పుడు టేపు తీసెయ్యొచ్చు.

ఛార్జింగు సంగతి ఒకటి. టైప్-సి పోర్టు ఉన్నా ఫోను కొత్త ఛార్జరుకు ఎక్కకపోతే టార్చి ఖరాబైందనుకోకండి, అగ్గువ టార్చిలల్ల పోర్టు దగ్గర ఉండాల్సిన 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు పెట్టరు, అందుకే రెండు దిక్కులా సి ఉన్న కేబులుతోటి ఎక్కది. పాత వెడల్పు మూతి ఛార్జరు, దాని కేబులు పెట్టండి, ఎక్కుతది.

మొత్తం బిగించినంక సెల్లు లేకుండనే బకీటు నీళ్లల్ల పది నిమిషాలు ముంచండి. తీసి బయట బాగ తుడిచి, విప్పి చూడండి, థ్రెడ్ల లోపట తడి ఉంటే ఓ-రింగు మడిగి కూసున్నట్టు, అద్దం లోపట మంచు పట్టినట్టుంటే బెజెల్ కింది రింగు వంకరగ ఉన్నట్టు, ఆరబెట్టి ఆ ఒక్క జాగ సరిచేసుకుంటే చాలు. బైకు డిక్కీల పెట్టేటప్పుడు టెయిల్ క్యాప్ పావు చుట్టు వదులు చేయండి, థ్రెడ్లకు రంగు పూత ఉన్న టార్చిలల్ల దాంతోనే కరెంటు కట్ అయితది, బటన్ నొక్కుకుపోయి లోపల్నే వెలిగే భయం ఉండదు. ఎండల నిలబెట్టే బండి అయితే సెల్లు తీసి ఇంట్ల పెట్టాలె, నెలల తరబడి వాడేది లేకపోతే 3.7 వోల్టుల దగ్గర పెట్టి ఉంచాలె.