బ్రెస్ట్ రిడక్షన్ సర్జరీకి తేదీ తీసుకునే ముందు

మెడనొప్పి, భుజాల మీద బ్రా పట్టీలు ఒత్తుకుని పడిన గాడులు, రొమ్ముల కింద చెమటకు మళ్లీ మళ్లీ వచ్చే ఒరుపులు. వీటితో ఏళ్ల తరబడి వేగినవాళ్లకు రొమ్ముల సైజు తగ్గించే ఈ ఆపరేషన్ పెద్ద ఊరట. అయితే చాలామంది టెన్షన్ అంతా థియేటర్‌లో గడిచే ఆ రెండు నుంచి నాలుగు గంటల గురించే. మత్తులో ఉంటారు కాబట్టి ఆ కాసేపు మీరు చేసేదేమీ ఉండదు. మీ చేతుల్లో ఉండేది అంతకు ముందు నెల, ఆ తర్వాత నెలన్నర.

మొదట సిగరెట్ సంగతి. సాధారణంగా ఈ ఆపరేషన్‌లో చనుమొనను పూర్తిగా కోసి తీసేయరు. రక్తనాళాలున్న కొంత కణజాలాన్ని తొడిమలా వదిలి, దానితో పాటే పైకి జరిపి కుడతారు. ఆ భాగం బతకాలంటే ఆ తొడిమలోంచి వచ్చే రక్తమే ఆధారం. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. అందుకే కనీసం నాలుగు వారాల ముందు నుంచి, తర్వాత మరో నాలుగు వారాల దాకా మానేయమంటారు. వేప్ (ఈ-సిగరెట్), నికోటిన్ గమ్, ప్యాచ్, ఖైనీ కూడా ఇందులోకే వస్తాయి. "ఎప్పుడో ఒకటి" అని డాక్టరు దగ్గర దాచడం మాత్రం వద్దు. చనుమొన నల్లబడి పాడయ్యాక చెప్పి ఏం లాభం?

మీరు వాడే ప్రతి మందూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, చేపనూనె మాత్రలు, విటమిన్ ఇ, మూలికా మందులు కొన్ని రక్తస్రావాన్ని పెంచవచ్చు. గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, అవీ రాయండి. గుండెకో మరో జబ్బుకో రక్తం పలుచబడే మందు వేసుకుంటుంటే మీ అంతట మీరు ఆపేయకండి, ఎప్పుడు ఆపాలో డాక్టర్లే చెప్పాలి. షుగర్ అదుపులో లేకపోతే ముందు దాన్ని దారికి తెచ్చుకుని, తర్వాతే తేదీ పెట్టుకోండి.

వయసును బట్టి, ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ ఉంటే దాన్ని బట్టి ముందుగా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయిస్తారు. తీసేసిన కణజాలాన్ని మామూలుగా ల్యాబ్‌కు పంపుతారు. ఆ రిపోర్టు అడిగి తీసుకుని జాగ్రత్తగా దాచుకోండి.

పిల్లల్ని కనాలనుకునేవాళ్లు ఈ మాట డాక్టరుతో మొహమాటం లేకుండా మాట్లాడాలి. ఆపరేషన్ తర్వాత పాలు తగ్గవచ్చు, కొందరికి అసలు ఇవ్వలేని పరిస్థితి రావచ్చు. చనుమొన స్పర్శ కూడా తగ్గవచ్చు, ఒక్కోసారి తిరిగి రాదు. బాగా బరువు తగ్గే ఆలోచన ఉంటే అది అయ్యాకే చేయించుకోవడం మేలు, లేకపోతే ఆకారం మళ్లీ మారుతుంది. ఇక "నాకు సరిగ్గా ఈ కప్ సైజే కావాలి" అంటే ఏ సర్జన్ కూడా హామీ ఇవ్వలేరు. ఇచ్చేస్తే ఆ సర్జన్ గురించి నేనైతే ఇంకోసారి ఆలోచిస్తాను.

మచ్చలు తప్పవు. ఎక్కువగా చనుమొన చుట్టూ ఒక గీత, అక్కణ్నుంచి కిందికి ఒకటి, రొమ్ము కింది మడతలో అడ్డంగా ఒకటి ఉంటాయి. ఈ నిలువు గీత, అడ్డగీత కలిసే మూల ఉంది చూడండి, అక్కడే చర్మం ఎక్కువ బిగువుగా ఉంటుంది. రెండు మూడు వారాల్లో అక్కడ చిన్న పుండులా విచ్చుకోవడం తరచూ జరిగేదే. చూడగానే గుండె గుభేలుమంటుంది. చాలావరకు డ్రెస్సింగ్‌లతోనే మానిపోతుంది, కానీ డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ ఏదో ఒకటి రాసేయకండి. గాయాలు ఉబ్బెత్తు మచ్చలుగా మారే శరీరతత్వం ఉంటే ముందే చెప్పాలి.

ఇల్లు కూడా సిద్ధం చేసుకోవాలి. చేతులు పైకెత్తడం కొన్ని వారాలు కష్టం. పై అరలో ఉండే రోజువారీ సామాను నడుము ఎత్తుకు దింపి పెట్టుకోండి. ముందు గుండీలుండే బట్టలు, వైర్ లేని ముందు హుక్కుల బ్రాలు, వెల్లకిలా కాస్త ఎత్తుగా పడుకోవడానికి దిండ్లు ఉంచుకోండి. ఎత్తుకోమని ఏడ్చే చంటిపిల్లలుంటే నెల పాటు ఇంకొకరి సాయం కావాలి. కూర్చుని చేసే ఉద్యోగానికి ఒకటి రెండు వారాల సెలవు సరిపోవచ్చు. బరువులెత్తే పనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఆపరేషన్ తర్వాత ఒక పక్క రొమ్ము ఉన్నట్టుండి ఉబ్బి గట్టిపడి నొప్పి పెరిగినా, చనుమొన నీలంగా, నల్లగా మారినా, జ్వరం, చీము కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, రాత్రయినా ఫోన్ చేయండి. పిక్క వాచి నొప్పెట్టినా, ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

కొత్త బ్రాలు డజను కొనేయాలని చెయ్యి దురద పెడుతుంది. మూడు నెలలైనా ఆగండి. వాపు తగ్గేకొద్దీ సైజు ఇంకా మారుతూనే ఉంటుంది.