ఇంగ్లండ్ కవచాన్ని చూసి అది ఏ కాలానిదో చెప్పడం ఎలా?

లండన్‌లో వాలెస్ కలెక్షన్‌కో, లీడ్స్‌లో రాయల్ ఆర్మరీస్‌కో వెళ్తే (రెండింటికీ టికెట్ అక్కర్లేదు) కవచాలు వరసగా నిలబెట్టి ఉంటాయి. చాలామంది అన్నీ ఒకటేలే అనుకుని ఫొటో దిగి వచ్చేస్తారు, నాకు అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఈసారి వెళ్తే బోర్డు చదవకుండా ముందు ఒక్కటి చూడండి: ఇనుప రింగుల అల్లిక, అంటే మెయిల్, ఒంటి మీద ఎక్కడెక్కడ కనిపిస్తోంది?

ఒళ్లంతా మెయిలే అయితే 13వ శతాబ్దమో, అంతకు ముందో. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచిన యుద్ధాన్ని చూపించే బేయూ కుట్టుపనిలో (పొడవాటి బట్ట మీద దారంతో కుట్టిన బొమ్మలు) మోకాళ్ల దాకా మెయిల్ చొక్కా, ముక్కు మీదికి పట్టీ దిగిన కోసు శిరస్త్రాణం ఉంటాయి. తర్వాత కాళ్లూ చేతులూ కూడా మెయిల్‌లోకి వెళ్లాయి, తలకి డబ్బాలాంటి పెద్ద శిరస్త్రాణం వచ్చింది. కానీ మెయిల్ కత్తి కోతని ఆపుతుందే గానీ దెబ్బ బరువుని ఆపలేదు, లోపల ఎముక విరగొచ్చు, అందుకే కింద దళసరి మెత్త చొక్కా తొడుక్కునేవాళ్లు, ఆ పైన మోకాళ్లకీ మోచేతులకీ మెల్లగా రేకులు చేరాయి.

రేకూ మెయిలూ కలగాపులగంగా ఉంటే 14వ శతాబ్దం. 1376లో చనిపోయిన ఇంగ్లండ్ యువరాజు బ్లాక్ ప్రిన్స్ విగ్రహం కాంటర్‌బరీలో సమాధి మీద ఉంది, చేతులకీ కాళ్లకీ రేకులే, మెడ చుట్టూ మాత్రం మెయిల్ తెర వేలాడుతూ ఉంటుంది. ఆ మెడ దగ్గర కూడా రేకు వచ్చేసి, మెయిల్ చంకల్లోనూ తొడల మధ్యా మాత్రమే మిగిలితే 15వ శతాబ్దంలోకి వచ్చినట్టు.

ఈ కాలానికి మ్యూజియం కన్నా చర్చిలే మేలు, ఎందుకంటే అప్పటి ఇంగ్లిష్ కవచాలు దాదాపు ఏవీ మిగల్లేదు. వారిక్‌లో సెయింట్ మేరీస్ చర్చికి వెళ్లి వారిక్ ప్రభువు రిచర్డ్ బీచమ్ సమాధి మీది విగ్రహం చూడండి, పడుకున్న విగ్రహమైనా వీపు వైపు పట్టీలూ బకిల్సూ కూడా వదలకుండా చేశారు, నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఒక్క జాగ్రత్త: ఆయన పోయింది 1439లో, విగ్రహం పోత పోసింది సుమారు పదేళ్ల తర్వాత. కాబట్టి చనిపోయిన ఏడాదే కవచం ఏడాది అనుకోవద్దు.

16వ శతాబ్దానికి లండన్ దగ్గరి గ్రీనిచ్ గుర్తుపెట్టుకోండి. రాజు 8వ హెన్రీ అక్కడ సొంత కార్ఖానా పెట్టి ముందు ఇటలీ నుంచి, తర్వాత జర్మన్ ప్రాంతాల నుంచి పనివాళ్లని రప్పించాడు. 1520లో ఆయన కోసం చేసిన, నేల మీద నిలబడి పోరాడే కవచంలో ఎక్కడా సందు లేదు, పిరుదుల మీద కూడా రేకులే. 1580ల నాటికి ఛాతీ రేకు నడుము దగ్గర ముందుకి పొడుచుకొస్తుంది, అప్పటి చొక్కాల ఫ్యాషన్ అదే.

మోకాలి కింద రేకులు పోయి బూట్లు కనిపిస్తే 17వ శతాబ్దం. తుపాకీ గుండుని ఆపాలంటే ఛాతీ రేకు మందంగా ఉండాలి, ఆ బరువు మొయ్యాలంటే మిగతావి వదిలెయ్యాలి. 1642లో మొదలైన అంతర్యుద్ధం నాటికి చాలామంది గుర్రపు సైనికులకి ఛాతీ రేకు, వీపు రేకు, మెడ వెనక రొయ్య తోకలాంటి రేకులున్న శిరస్త్రాణం, దళసరి తోలు కోటు, అంతే. ఛాతీ మీద గుండ్రటి సొట్ట కనిపిస్తే యుద్ధంలో తగిలిందని వెంటనే అనుకోకండి, గుండుని ఆపుతుందని చూపించడానికి తయారుచేసినవాళ్లే కాల్చి పెట్టిన గుర్తు కూడా కావచ్చు.