కర్నూలు ఎండల్లో ఆరుబయట పని
కర్నూలులో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే కనుక, నాపరాతి గనిలోనైనా ఉపాధి హామీ పనిలోనైనా బరువు పనులను తెల్లవారగానే మొదలుపెట్టి పదకొండు లోపే ముగించుకోవాలి. ఎండలో పడేసిన గడ్డపారను పట్టుకుంటే చేయి చుర్రుమంటుంది. పనిముట్లకూ నీడ అవసరమే. దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకొకసారి గ్లాసెడు నీళ్లు తాగాలి. చెమటతో ఉప్పూ పోతుంది కాబట్టి మజ్జిగ, ఉప్పు కలిపిన రాగి అంబలి తాగాలి (నంజుకోవడానికి ఉల్లిపాయ ఉంటే మరీ మంచిది). ఓఆర్‌ఎస్ పొట్లం దొరకకపోతే లీటరు మంచినీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు కరిగించుకోవచ్చు. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే వడదెబ్బగా భావించి 108కు ఫోన్ చేసి, మనిషిని నీడకు చేర్చి, ఒంటిపై చన్నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం నీళ్లు పోయరాదు.